తొలగించామంటూ దాచుకుంటున్నాం

వ్యాపార సాఫ్ట్‌వేర్‌లో డిలీట్ బటన్ నొక్కితే ఏమవుతుందని వాడేవాళ్లను అడగండి, "పోతుంది" అంటారు. రాసినవాళ్లను అడగండి, "పోదు, కనపడకుండా ఉంటుందంతే" అంటారు. ఈ రెండు జవాబుల మధ్య ఏళ్ల తరబడి పేరుకుపోయే సరుకు గురించే నా గోడు. చెప్పదల్చుకున్నది ముందే చెప్పేస్తాను: డిలీట్ బటన్ పెట్టినవాళ్లే ఆ రికార్డుల్ని చివరికి ఊడ్చేసే ప్రోగ్రామును కూడా అప్పుడే రాసిపెట్టాలి. రాయలేకపోతున్నారంటే ఆ బటన్‌కు అర్థమేమిటో ఇంకా తేల్చుకోలేదన్నమాట.

తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. చాలా అప్లికేషన్లలో డిలీట్ నొక్కినా టేబుల్లోంచి వరుస కదలదు. 'డిలీటెడ్' అని ఒక కాలమ్ ఉంటుంది, అందులో 0 పోయి 1 వస్తుంది. ఆపైన ప్రతి స్క్రీనూ, ప్రతి రిపోర్టూ "డిలీటెడ్ 0 అయినవే ఇవ్వు" అనే షరతుతో డేటా అడుగుతుంది. దీన్ని సాఫ్ట్ డిలీట్ అంటారు. పొరపాటున నొక్కితే వెనక్కి తేవచ్చు, ఎవరు ఎప్పుడు నొక్కారో చూడొచ్చు. ఇంతవరకూ నాకు పేచీ లేదు. గుర్తు పెట్టే మొదటి మెట్టు మీదే, ఊడ్చే రెండో మెట్టు ఎక్కకుండా, ఆగిపోవడంతోనే పేచీ.

ఈ రెండంచెల పద్ధతి నిన్న మొన్నటిదేం కాదు. 1980ల్లో డీబేస్ అనే డేటాబేసు ప్రోగ్రాములో, ఆ తర్వాత అలాంటిదే అయిన ఫాక్స్‌ప్రోలో లెక్కల ప్యాకేజీలు రాసినవాళ్లకు ఇది బాగా తెలిసిన సంగతి. వాటి డేటా ఉండే డీబీఎఫ్ ఫైల్లో ప్రతి రికార్డుకూ ముందు ఒక బైటు ఉంటుంది. రికార్డు బతికుంటే అందులో ఖాళీ అక్షరం, అంటే ఆస్కీ అనే అక్షరాల నంబర్ల పట్టికలో 32. డిలీట్ అనగానే అక్కడ నక్షత్రం పడుతుంది, ఆస్కీ 42. అంతకు మించి ఆ రికార్డులో ఒక్క అక్షరం కదలదు. రీకాల్ అంటే నక్షత్రం చెరిగిపోయి రికార్డు మళ్లీ లేచి కూర్చుంటుంది. 'సెట్ డిలీటెడ్ ఆన్' అని పెట్టకపోతే నక్షత్రం పడ్డవి కూడా జాబితాలో దర్జాగా కనపడుతూనే ఉంటాయి. నిజంగా పోవాలంటే ప్యాక్ అనాలి. అప్పుడు నక్షత్రం లేని రికార్డులతో ఫైలును తిరగరాసి, ఇండెక్సులు, అంటే త్వరగా వెతకడానికి వాడే సూచికలు, కొత్తగా కట్టేది. ఆ పని నడుస్తున్నంతసేపూ ఇంకెవరూ ఆ ఫైలు తెరవడానికి వీల్లేదు. అందుకని జాగ్రత్తపరులు అందర్నీ ప్రోగ్రాములోంచి బయటకు రమ్మని, ముందు ఒక కాపీ తీసి పక్కన పెట్టుకుని, అప్పుడు ప్యాక్ కొట్టేవాళ్లు.

నాకు అందులో నచ్చేది ఒకటే. రెండో అంచెకు ఒక పేరుంది, దానికో కమాండుంది, చేసే వేళంటూ ఒకటుంది. చెయ్యకపోతే ప్రోగ్రాము నెమ్మదిస్తుంది, ఫైలు ఉబ్బుతుంది, ఎవరో ఒకరు అరుస్తారు. తర్వాత అందరం పెద్ద డేటాబేసులకు మారాం. వాటిలో డిలీట్ అంటే డిలీటే. అది చూసి భయపడి, పాత నక్షత్రాన్ని కాలమ్ రూపంలో మనమే మళ్లీ తెచ్చిపెట్టుకున్నాం. ప్యాక్‌ను మాత్రం వెంట తెచ్చుకోలేదు.

"డిస్కు చవకే కదా, ఉంటే ఏం పోయింది?" అని ఎవరైనా అంటే ఒప్పుకుంటాను, డిస్కు చవకే. ఖర్చు పడేది అక్కడ కాదు. నేను చూసిన ఒక సంస్థలో రావాల్సిన బాకీల మొత్తం అమ్మకాలవాళ్ల రిపోర్టులో ఒకలా, ఖాతాలవాళ్ల రిపోర్టులో ఇంకోలా ఉండేది. తేడా పెద్దది కూడా కాదు, అందుకే ఎవరూ పట్టించుకోలేదు. చివరికి తేలింది ఇదీ: రిపోర్టు రాసినాయన ఇన్వాయిస్ టేబుల్‌కు షరతు పెట్టాడు. దానికి జోడించిన ఇన్వాయిస్ వరుసల టేబుల్‌కు పెట్టలేదు. బిల్లు బతికే ఉంది, అందులో ఒక వస్తువును ఎవరో తీసేశారు, ఆ తీసేసిన వస్తువు వెల కూడా మొత్తంలో కలుస్తోంది. ఆయన్ను తప్పుపట్టలేను. టేబుల్ చేర్చిన ప్రతిచోటా ఆ షరతును గుర్తుపెట్టుకుని రాయాలి. ఈరోజు మీరు రాస్తారు, రేపు వచ్చే కొత్త అమ్మాయి రాస్తుంది, ఎల్లుండి ఎవరో ఎక్సెల్‌లోంచి నేరుగా డేటాబేసుకు కనెక్ట్ అయి లాగుతారు. అందరూ ఎల్లకాలం గుర్తుంచుకుంటేనే లెక్క సరిపోయే ఏర్పాటు అది. గుర్తుంచుకోరు.

ఇంకోటి చూడండి. ఉద్యోగి మానేశాడు, అతని లాగిన్‌ను డిలీట్ చేశారు. కొన్నాళ్లకు తిరిగి చేరాడు. అదే ఈమెయిల్‌తో లాగిన్ తయారు చెయ్యబోతే "ఈ ఈమెయిల్ ఇప్పటికే ఉంది" అంటుంది. స్క్రీన్ మీద వెతికితే ఎక్కడా లేదు. ఆ కాలమ్ మీద ఒకే విలువ రెండుసార్లు రానివ్వని యూనీక్ ఇండెక్స్ ఉంది, దానికి మన 0, 1ల సంగతి తెలియదు. పోస్ట్‌గ్రెస్ డేటాబేసులో షరతుతో కూడిన యూనీక్ ఇండెక్స్ పెట్టుకోవచ్చు, ఎస్‌క్యూఎల్ సర్వర్ డేటాబేసులో 2008 వెర్షన్ నుంచి అలాంటిదే ఫిల్టర్డ్ ఇండెక్స్ ఉంది. కానీ హడావిడిలో ఎక్కువమంది చేసేది, డిలీట్ చేసేటప్పుడు ఈమెయిల్ చివర ఏదో ఒక తోక తగిలించడం. అంటే ఉంచుకున్న రికార్డు కూడా ఇప్పుడు నిజమైన రికార్డు కాదు. రేపు దాన్ని వెనక్కి తేవాలన్నా తోక కత్తిరించాలి. ఏ ధీమా కోసం దాచుకున్నామో ఆ ధీమా కూడా దక్కలేదు.

ఇవన్నీ ఒక ఎత్తు. అసలు చిక్కు వేరే చోట ఉంది.

ఏదైనా పాత వ్యాపార డేటాబేసులో కస్టమర్ల టేబులో, ఆర్డర్ల టేబులో తీసుకుని, డిలీటెడ్ 1 ఉన్న వరుసల్ని ఒక్కొక్కటే చూస్తూ "నువ్వు ఇక్కడికి ఎందుకొచ్చావు?" అని అడగండి. ఒకటి టైపు చేసేటప్పుడు పొరపడి వెంటనే తీసేసింది. ఇంకోటి ఒకే కస్టమర్ రెండుసార్లు నమోదైతే రెండింటినీ కలిపేసి వదిలేసిన నకలు, పాత బిల్లులు ఇప్పటికీ దాన్నే చూపిస్తుంటాయి. ఒకటి కస్టమర్ రద్దు చేసుకున్న ఆర్డరు. ఒకటి ఇప్పుడు అమ్మని వస్తువు. పేరు దగ్గర 'టెస్ట్ టెస్ట్' అని, ఫోను దగ్గర వరసగా తొమ్మిదులూ ఉన్నది సాఫ్ట్‌వేర్ పెట్టిన రోజున ఎవరో ఆడుకున్నది. ఫైలును రెండుసార్లు ఎక్కించేసి, తేరుకుని తీసేసిన గుంపు ఒకటుంటుంది. "నా వివరాలు మీ దగ్గర ఉండకూడదు" అని ఒక మనిషి రాసి అడిగితే తీసేసిందీ ఆ పక్కనే ఉంటుంది. అన్నిటికీ అదే 1.

ఇప్పుడు మీటింగ్ పెట్టి "ఇవి తీసెయ్యొచ్చా?" అని అడిగితే ఎవరు ఔనంటారు? ఖాతాలవాళ్లు రద్దయిన ఆర్డర్లను తలుచుకుని వద్దంటారు. అమ్మకాలవాళ్లు పాత కస్టమర్లను తలుచుకుని వద్దంటారు. వాళ్ల వాళ్ల లెక్కన ఇద్దరిదీ సబబే. "ఎందుకైనా మంచిది, ఉండనివ్వండి" అని తీర్మానించి టీ తాగి లేస్తారు. అది పిరికితనమని మనం విసుక్కుంటాం గానీ, ప్రశ్నే తప్పుగా అడిగాం. ఒకే గుర్తు కింద పొంతన లేనివన్నీ కుక్కి, అన్నిటికీ కలిపి ఒకే జవాబు చెప్పమంటే ఎవరు మాత్రం ఏం చెబుతారు?

వీటిలో కొన్నింటిని అసలు డిలీట్ చేసి ఉండాల్సింది కాదు. రద్దయిన ఆర్డరు ఒక వాస్తవం. ఆ రోజు ఆర్డరు వచ్చింది, ఫలానా రోజు రద్దయింది. దానికి కావాల్సింది 'రద్దు' అనే స్థితి, ఒక తేదీ, ఒక కారణం. అమ్మకం ఆపేసిన వస్తువూ అంతే, 'నిలిపివేత' అని రాసుకోవాలి. ఖాతా పుస్తకాలు రాసేవాళ్లకు ఈ సంగతి కంప్యూటర్లు పుట్టకముందే తెలుసు. పద్దు తప్పుపడితే చెరపరు, ఎదురు పద్దు రాస్తారు. బిల్లు నంబర్ల వరసలో ఒకటి మాయమైతే ఆడిటర్ ముందు దాని గురించే అడుగుతాడు. రద్దయిన బిల్లు రద్దయిన బిల్లుగా ఫైల్లోనే ఉండాలి. మన ప్రోగ్రామర్లు మాత్రం రద్దుకూ, నిలిపివేతకూ, తప్పు దిద్దుబాటుకూ, చెత్తకూ ఒకే చెత్తబుట్ట బొమ్మ పెట్టారు. వాడేవాళ్లు కనపడ్డ బటనే నొక్కుతారు మరి.

అందుకని ప్రక్షాళన అంటే రాత్రిపూట నడిచే డిలీట్ క్వెరీ అనుకుంటే పొరపాటు. పనిలో ముప్పాతిక వంతు ఏది ఏమిటో ఏరడమే. కారణం రాసిపెట్టే కాలమ్ లేకపోయినా డేటానే చాలావరకు చెబుతుంది. తయారైన సమయానికీ, తీసేసిన సమయానికీ మధ్య రెండు మూడు నిమిషాలే ఉండి, దాని మీద ఏ లావాదేవీ లేకపోతే అది టైపు పొరపాటే. ఒకే సెకనులో వందలకొద్దీ వరుసలు డిలీట్ అయ్యుంటే మనిషి చేతులు చేసిన పని కాదు, స్క్రిప్టో, దిగుమతి ఫైలో. బతికున్న బిల్లులు ఇంకా వేలు పెట్టి చూపిస్తున్న కస్టమరు రికార్డయితే అది నకలో, పాత ఖాతానో. దాని జోలికి ఇప్పుడు పోకూడదు, ముందు ఆ బిల్లుల్ని అసలు కస్టమర్‌కు మళ్లించాలి. సిస్టమ్ మొదలైన తొలి వారాల్లో, ఇన్‌స్టాల్ చేసినవాళ్ల లాగిన్‌తో తయారైనవి టెస్టువి. ఇలా జల్లెడ పడితే మిగిలేది మనుషుల్ని అడిగి తేల్చుకోగలిగినంత చిన్నదవుతుంది. ఆ మిగిలిన జాబితాతో మీటింగ్‌కు వెళ్లి చూడండి, అదే మనుషులు చకచకా జవాబులు చెబుతారు.

ఇకముందు పేరుకోకుండా ఉండాలంటే 0, 1ల కాలమ్ స్థానంలో ఎప్పుడు, ఎవరు, ఎందుకు అనే మూడు కావాలి. 'ఎందుకు' అన్నచోట ఖాళీ పెట్టె పెట్టి టైపు చెయ్యమనకండి. చుక్క పెట్టి పోతారు. నాలుగైదు కారణాల జాబితా ఇచ్చి, ఎంచుకోమనాలి. ప్రతి కారణానికీ ఒక గడువు ఉండాలి: టైపు పొరపాటైతే నెల, నకలైతే ఆ ఏడాది ఖాతాలు మూసేదాకా, ఇలా. గడువు దాటినవాటిని రోజూ కొద్దికొద్దిగా తీసేసే ప్రోగ్రాము నడుస్తుండాలి. నేను మొదట్లో అప్పుడే రాసిపెట్టాలన్నది దీన్నే. గడువు ఎంతో చెప్పమని అడిగినప్పుడే "ఇది అసలు డిలీటా, రద్దా?" అన్న ప్రశ్న పుడుతుంది, అది డిజైన్ నాడే పుట్టడం మేలు.

ఇక కత్తెర పట్టే దగ్గర. ఏళ్లనాటి సరుకును ఒకే డిలీట్ స్టేట్‌మెంట్‌తో ఊడ్చేద్దామని చూసినవాళ్లు మర్నాడు పొద్దున్న ఫోన్లు ఎత్తలేక దాక్కుంటారు. అదంతా ఒకే ట్రాన్సాక్షన్, అంటే జరిగితే మొత్తం జరగాలి, లేకపోతే ఏదీ జరగకూడదు. మార్పులు నమోదయ్యే లాగ్ ఫైలు ఉబ్బిపోతుంది, ఇంకో సర్వర్‌లో నడిచే కాపీ, అదే రెప్లికా, వెనకబడుతుంది. మధ్యలో ఆపితే అప్పటిదాకా చేసిందంతా వెనక్కి తిప్పడానికి మళ్లీ అంతసేపు పడుతుంది. ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో ఒక స్టేట్‌మెంట్ వేరేవాళ్లు ముట్టుకోకుండా వేసే తాళాలు దాదాపు 5,000 పట్టుకుంటే, విడివిడి తాళాలు వదిలేసి టేబుల్ మొత్తానికి ఒకటే వెయ్యడానికి చూస్తుంది. ఇంక బిల్లింగ్ కౌంటరు దగ్గర వరస ఆగినట్టే. ప్రతి వరుసకూ ఉండే గుర్తింపు నంబరు, అంటే ప్రైమరీ కీ వరసలో వెయ్యో రెండు వేలో తీసెయ్యడం, కమిట్ చేసి ఖాయం చెయ్యడం, కాసేపు ఊపిరి పీల్చుకోవడం, మళ్లీ మొదలెట్టడం. విసుగు పుట్టించే పద్ధతే, అయినా పనిచేసేది అదే.

ఎక్కువమంది దెబ్బతినేది ఒక టేబుల్ వరుస ఇంకో టేబుల్ వరుసను చూపించే లంకె, అంటే ఫారిన్ కీ దగ్గర. కస్టమర్ వరుసను తీసేటప్పుడు దాన్ని ఎవరైనా చూపిస్తున్నారా అని డేటాబేసు పిల్ల టేబుళ్లన్నిటిలో వెతుకుతుంది. ఆ కాలమ్ మీద ఇండెక్స్ ఉంటే క్షణం పట్టదు. లేకపోతే ఒక్కో కస్టమర్‌కూ బిల్లుల టేబుల్ మొదటినుంచి చివరిదాకా చదువుతుంది. మైఎస్‌క్యూఎల్ డేటాబేసులో డేటాను దాచే ఇన్నోడీబీ ఇంజన్ ఆ ఇండెక్స్‌ను తానే పెడుతుంది. పోస్ట్‌గ్రెస్ పెట్టదు, మనమే పెట్టుకోవాలి. వెయ్యి వరుసల డిలీట్ గంటసేపు కదలకపోతే నేను ముందు చూసేది అదే. తల్లి వరుసతో పాటు పిల్ల వరుసల్నీ తానే తీసేసే క్యాస్కేడ్ పెట్టుకుంటే పోలేదా అంటారు. నాకు దాని మీద నమ్మకం లేదు. ఒక వరుస తీస్తే దాని వెనకాల ఎన్ని టేబుళ్లలో ఎన్ని పోయాయో ఎవరికీ కనపడదు. ప్రక్షాళనలో ప్రతి టేబుల్ పేరూ పైకి కనపడేలా రాయడమే నాకిష్టం. తేదీ వరసన నడిచే లాగ్‌ల వంటి టేబుళ్లకైతే ఈ తంటాలేవీ వద్దు, టేబుల్‌ను నెలకొక ముక్క, అంటే పార్టిషన్ చొప్పున పెట్టుకుని గడువు దాటిన పార్టిషన్‌ను డ్రాప్ చేస్తే సరి.

తమాషా ఏమిటంటే ఇంత చేసి నిజంగా డిలీట్ అన్నాక కూడా డేటాబేసు ఇంజన్ మనలాగే రెండంచెల్లో పనిచేస్తుంది. పోస్ట్‌గ్రెస్ ఆ వరుసను చచ్చినట్టు గుర్తు పెట్టి వదిలేస్తుంది, తర్వాత వాక్యూమ్ వచ్చి ఆ చోటును మళ్లీ వాడుకోవడానికి సిద్ధం చేస్తుంది. ఇన్నోడీబీకి ఆ పని చేసే పర్జ్ థ్రెడ్ ఉంది, ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో వీటిని ఘోస్ట్ రికార్డులంటారు, వాటిని ఊడ్చే పని వెనకాల నడుస్తుంటుంది. ఎవరో ఒక రిపోర్టు తెరిచి ట్రాన్సాక్షన్ మూయకుండా ఇంటికి పోతే, ఆ రిపోర్టుకు అవసరం పడొచ్చని వాక్యూమ్ ఆ చచ్చిన వరుసల్ని ముట్టుకోదు. కోట్ల వరుసలు తీసినా ఫైలు సైజు తగ్గలేదని కంగారు పడేవాళ్లకు ఒక మాట: మామూలు వాక్యూమ్ ఖాళీ అయిన చోటును టేబుల్‌కే ఉంచుతుంది, చాలావరకు ఆపరేటింగ్ సిస్టమ్‌కు తిరిగివ్వదు. ఇవ్వాలంటే వాక్యూమ్ ఫుల్, అది నడిచినంతసేపూ టేబుల్‌ను చదవడానికి కూడా కుదరదు. ఒరాకిల్‌లో డిలీట్ చేసినా టేబుల్ ఎంతవరకు నిండిందో చెప్పే గీత, అంటే హై వాటర్ మార్క్ కిందికి దిగదు, టేబుల్ మొత్తం చదివే క్వెరీ ఖాళీ బ్లాకుల్ని కూడా చదువుకుంటూ పోతుంది. తేడా ఒక్కటే. ఇంజన్లు రాసినవాళ్లు రెండో అంచెను కూడా రాశారు. పోస్ట్‌గ్రెస్‌లో 8.3 నుంచి ఆటోవాక్యూమ్ అడక్కుండానే నడుస్తుంది. కసాండ్రా అనే డేటాబేసులో చెరిపినచోట టూంబ్‌స్టోన్, అంటే సమాధిరాయి అనే గుర్తు నిలబడుతుంది, దాని గడువు మామూలుగా 8,64,000 సెకన్లు, అంటే పది రోజులు. అంతకన్నా ఎక్కువకాలం పడిపోయిన సర్వర్, మిగతా సర్వర్లతో డేటా సరిచూసుకోకుండా (దీన్నే రిపేర్ అంటారు) తిరిగొస్తే చెరిపిన డేటా మళ్లీ లేచి వస్తుందని కూడా లెక్కలోకి తీసుకుని ఆ గడువు పెట్టారు. చెరపడం గురించి అంత ఆలోచించారు వాళ్లు.

చట్టం సంగతి కొంచెం. యూరప్‌లో 2018 మే 25 నుంచి అమల్లో ఉన్న వ్యక్తిగత వివరాల రక్షణ చట్టం, జీడీపీఆర్ 17వ అధికరణం, తన వివరాలు చెరిపెయ్యమని అడిగే హక్కు మనిషికిచ్చింది. అవసరం తీరాక మనిషిని గుర్తుపట్టే రూపంలో ఉంచకూడదని 5వ అధికరణం చెబుతుంది. చట్టప్రకారం ఉంచాల్సిన బిల్లుల వంటివాటికి మినహాయింపు ఉంది. నా ఉద్దేశంలో 'డిలీటెడ్ 1' అని పెట్టి "చెరిపేశాం" అని ఆ మనిషికి జవాబు రాయడం అబద్ధం ఆడటమే. బిల్లు ఉండాల్సి వస్తే బిల్లు ఉంచండి, చట్టం అడగని ఫోను నంబరూ, పుట్టినరోజూ ఖాళీ చెయ్యండి. బ్యాకప్‌ల మాటేమిటంటే, వాటిలోకి దూరి ఒక్కో వరుసా తియ్యడం ఎవరివల్లా కాదు. వాటికీ ఒక గడువు పెట్టి పాతవి పోనివ్వాలి. చెరిపిన రికార్డుల నంబర్లు మాత్రం ఒక చిన్న టేబుల్లో, ఆ డేటాబేసుకు బయట, రాసుకోవాలి. రేపు పాత బ్యాకప్ తెచ్చి నిలబెట్టాల్సి వస్తే, తలుపులు తెరిచేముందు ఆ జాబితా పట్టుకుని మళ్లీ చెరపాలి. ఈ అడుగు ఉన్న సంస్థలు నాకు అరుదుగా తగిలాయి.

"ఆర్కైవ్ చేస్తే పోయె" అనేవాళ్లు ఉంటారు. గడువున్న ఆర్కైవ్ మంచిదే. గడువు లేకపోతే చెత్తను ఒక టేబుల్లోంచి ఇంకో టేబుల్లోకి ఎత్తిపోసినట్టే, పైగా అసలు టేబుల్లో కాలమ్ మారినప్పుడల్లా దాన్నీ మార్చాలి. మార్చరు. మూడేళ్లకు ఆ ఆర్కైవ్‌ను చదవగలిగే ప్రోగ్రామే ఉండదు.

"పొరపాటున తీసేస్తే?" అన్నది అన్నిటికన్నా గట్టి అభ్యంతరం, దాన్ని కొట్టిపారెయ్యను. అందుకే మొదటి కొన్ని వారాలు ప్రోగ్రాము ఏమీ తియ్యకూడదు. ఈ రాత్రి తీసి ఉంటే ఏవి పోయేవో, ఏ కారణం కింద ఎన్నో చెప్పే జాబితా మాత్రం పంపాలి. అది ఐటీవాళ్లకు కాదు, ఆ గడువు మీద సంతకం పెట్టిన మనిషికి వెళ్లాలి. కస్టమర్ల గడువుకు అమ్మకాల మేనేజరు, బిల్లుల గడువుకు ఖాతాల అధికారి, ఇలా ప్రతి నియమం పక్కనా ఒక హోదా రాసి ఉండాలి. 'అడ్మిన్' అని రాస్తే ఎవరూ లేనట్టే. జాబితా చూసి చూసి వాళ్లకు విసుగొచ్చి "ఇది పంపడం ఆపండి బాబూ, తీసెయ్యండి" అన్నప్పుడు నిజం డిలీట్ ఆన్ చెయ్యాలి. ఆన్ చేశాక కూడా ఒక పరిమితి పెట్టుకోవాలి. మామూలుగా రోజుకు రెండు మూడు వందలు పోయే టేబుల్లో ఒక రాత్రి ఇరవై వేలు గడువు దాటాయని తేలితే, ఒక్కటీ ముట్టుకోకుండా ప్రోగ్రాము ఆగిపోయి, ఆ మేనేజరుకూ మనకూ కబురు పెట్టాలి. చాలాసార్లు అది ఎవరో తేదీల కాలమ్‌ను తప్పుగా దిగుమతి చేసిన రాత్రే అవుతుంది.